బండెక్కిన కుంపటి



ఈ నెల కుంపటిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము. మీలో పెద్దవారికి కుంపటి అంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. గ్యాసు బండలు ఇంటింటికీ రాని రోజులలో అది వంటింటి గుమ్మం పక్కనో, వీధి అరుగు మీదనో ఉండేది. తెల్లవారుజామున అమ్మ దానిలో గుప్పెడు బొగ్గులు పోసి, కిరసనాయిలులో తడిపిన గుడ్డపీలిక వెలిగించి, తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చుంటే కాసేపటికి బొగ్గులు చిటపటలాడి ఎర్రబడేవి. పసిపిల్లల పాలు, పెద్దల కాఫీ, జ్వరపడినవారి జావ, బాలింత గదిలోకి సాంబ్రాణి నిప్పులు, అన్నిటికీ అదే ఆధారం. ఇప్పటి పిల్లలకు అది వానాకాలంలో మొక్కజొన్న పొత్తులు కాల్చేవారి దగ్గర తప్ప మరెక్కడా కనబడదు.

మన భాషలో "గుండెల మీద కుంపటి" అని ఒక మాట ఉన్నది. మా నర్సీపట్నం సంఘంలోని ఒక సహోదరికి మాత్రం అది గుండెల మీద కాదు, ఏడేళ్ళపాటు నెత్తి మీదనే ఉండేది.

ఆమె పేరు ఇక్కడ వ్రాయము, ఆమెకది ఇష్టం లేదు. పెనిమిటి పోయిన తరువాత మనుమణ్ణి పెట్టుకొని, ఆర్టీసీ కాంప్లెక్సుకు కాస్త దూరంలో పొత్తులు కాల్చి అమ్ముకొంటూ బ్రతుకుచున్నది. ఇంటికీ ఆ చోటుకూ కిలోమీటరున్నర నడక. మధ్యాహ్నం రెండు గంటలకు నెత్తిమీద గుడ్డచుట్ట పెట్టుకొని దానిమీద కుంపటి ఎత్తుకొని ఒకసారి, పొత్తుల గోనె కోసం మరొకసారి నడిచేది. బొగ్గుల సంచి మనుమడు మోసేవాడు.

ఆ కుంపటి కూడా ఆమె స్వహస్తాలతో చేసుకొన్నదే. పాత ఇనుప బకెట్టుకు అడుగున జానెడు నోరు కోయించి, పుట్టమన్నులో ఊక, పేడ కలిపి తొక్కి, ఆ మన్ను లోపల మూడు వ్రేళ్ళ మందాన మెత్తి, నడుమ ఇనుప ఊచలు గుచ్చింది. నీడలో వారం రోజులు ఆరనిచ్చి, మొదటి రెండు రోజులు చిన్న సెగ మాత్రమే పెట్టేది. ఆరకముందే పెద్ద నిప్పు పెడితే లోపలి తడి ఆవిరై బయటికి త్రోవ లేక మన్నును చీల్చుకొని వస్తుంది. ఇది ఆమెకు ఎవరూ పుస్తకంలో చూపి నేర్పలేదు. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో 1980ల మొదటి సంవత్సరాలలో థాయిలాండువారి బకెట్ పొయ్యిని చూసి కొందరు 'జికో' అనే బొగ్గుల పొయ్యిని తయారుచేశారు. పైన రేకు, లోపల కాల్చిన మట్టి. రేకు మట్టిని విరగకుండా కాపాడుతుంది, మట్టి వేడిని రేకు దాకా పోనీయదు. నైరోబీ నగరంలో ఇంజనీర్లు కూర్చుని ఆలోచించిన సంగతీ మా సహోదరి పెరట్లో చేసిన సంగతీ ఒకటేనని తెలిసినప్పుడు మాకు చాలా సంతోషం కలిగింది.

కుంపటి ఇరవై కిలోల వరకు బరువు ఉంటుంది. అయితే ఆమె ఎప్పుడూ బరువును గురించి చెప్పుకోలేదు. "బరువు దేముందండి అయ్యగారూ, రాత్రేల దాని వేడితోనే సావండి" అనేది. పగలు చల్లని కుంపటిని మోసుకు రావచ్చు. రాత్రి తొమ్మిదింటికి బేరాలు అయిపోయాక అది కణకణలాడుతూ ఉంటుంది. నీళ్ళు పోస్తే గుప్పున బూడిద లేచి మొగాన పడుతుంది, తడిసిన బొగ్గు మరునాటికి అంటుకోదు. అన్నిటికీ మించి మట్టి పగులుతుంది. కాలిన మట్టి పైపొర చన్నీళ్ళకు ఒక్కసారిగా ముడుచుకొంటుంది, లోపలి పొర ఇంకా వేడిగానే ఉండి ముడుచుకోదు, ఆ రెంటి పెనుగులాటలో బీట వేస్తుంది. నీళ్ళు పోయకుండా ఆరేదాకా కూర్చుందామంటే పది దాటుతుంది.

2023వ సంవత్సరం జూలై నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన వచ్చింది. ఆమె కుంపటి చెవులకు గోనెపీలికలు చుట్టి, వేడిదాన్నే ఎత్తి ఎదుటి కొట్టు చూరు క్రిందికి మార్చబోయింది. తడిసిన గట్టు మీద కాలు జారింది. నిప్పులు పక్కనే ఉన్న మనుమని పాదం మీద పడ్డాయి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాము, ఎందుకంటే మన పల్లెలలో ఇది ప్రతి ఇంటికీ అక్కరకు వచ్చే విషయం. అక్కడ ఉన్నవారిలో ఒకరు పళ్ళపేస్టు తెచ్చారు, ఒకరు సిరా పోయమన్నారు, ఒకరు కోడిగ్రుడ్డు తెల్లసొన అన్నారు. దేవుని దయవలన ఆ పక్కనున్న టీకొట్టు అతను ఎవరి మాటా వినకుండా పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి కుళాయి క్రింద కాలు పెట్టించాడు. కాలిన చోట చేయవలసినది అదే. చల్లని నీటి ధార క్రింద ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసుముక్క పెట్టరాదు. పట్టీలు, ఉంగరాలు, మొలత్రాళ్ళు ఆ చోట ఉంటే వాపు రాకముందే తీసివేయాలి. పొక్కులు చిదమరాదు. శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇరవై నిమిషాలంటే చాలా సేపు. పిల్లవాడు ఏడుస్తుంటే రెండు నిమిషాలకే తీసివేయాలనిపిస్తుంది. గడియారం చూసి పట్టుకోవలసినదే.

పిల్లవాని కాలు నెలన్నరకు మానింది. మచ్చ మిగిలింది. కాని ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మా ఇంటి గుమ్మంలో కూలబడి, "ఇంక అగ్గి పని మానేత్తానండి అయ్యగారూ" అన్నప్పుడు మాకు ఏమి చెప్పాలో తోచలేదు. మానేస్తే మరి తిండి? ఆ పిల్లవాని చదువు?

సంఘపెద్దలు కూర్చున్నారు. బీదల నిధిలో నుంచి నెలకింత బియ్యం ఇద్దామన్నారు. మంచి మాటే. స్త్రీల సమాజంవారు వెళ్ళి చెబితే ఆమె ఒప్పుకోలేదు. "బియ్యం వద్దండి. నాను మొయ్యకుండా అగ్గిని మోసేదేదైనా ఉంటే సెప్పండి" అన్నది. మా ఇంటివారు ఆ మాట వచ్చి చెప్పినప్పుడు, మా సంఘ యౌవనస్థుడు ఒకడు అక్కడే ఉన్నాడు. అమెరికాలో అట్లాంటా నగరానికి దగ్గరలో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చాడు. జేబులో నుంచి ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు.

పెద్ద ఆకుపచ్చని గ్రుడ్డు, మూత తెరిచి ఉన్నది, లోపల బొగ్గులు, పైన ఇనుప జల్లెడ మీద మాంసపు ముక్కలు. ఆ గ్రుడ్డు ఒక ఇనుప చట్రంలో కూర్చుని ఉన్నది, చట్రానికి నాలుగు చక్రాలు. అది వాళ్ళ పెరటిలోని పింగాణీ పొయ్యి అట. దాని కథ చెప్పాడు. జపాను దేశంలో అన్నం వండే పొయ్యిని 'కమాడో' అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ ఉన్న అమెరికా సైనికులు అటువంటి మట్టిపొయ్యిలను ఇష్టపడి ఇళ్ళకు తీసుకుపోయారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన అట్లాంటాలో వాటిని అమ్మే కొట్టు పెట్టి, తరువాత మట్టికి బదులు గట్టి పింగాణీతో చేయించి 'బిగ్ గ్రీన్ ఎగ్' అనే పేరుతో అమ్మాడు. మనము దానిని కుంపటి అంటాము, వాళ్ళు గ్రుడ్డు అన్నారు, అంతే తేడా అని మావాళ్ళు నవ్వుకొన్నారు.

మాకు మాత్రం గ్రుడ్డు మీద కన్న దాని క్రింది బండి మీద ధ్యాస పోయింది. ఆ బండి విడి భాగాలుగా పెట్టెలో వస్తుందట, ఎవరికి వారే బిగించుకోవాలట. అతడు బిగించిన విధమంతా అడిగి తెలుసుకొన్నాము. బోల్టులన్నీ మొదట వదులుగా వేసి, చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ నేలకు ఆనినవని చూసుకొన్నాకనే గట్టిగా బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే చట్రం మెలిపడి ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది. పింగాణీ పొయ్యి డెబ్బై కిలోలకు పైబడి ఉంటుంది గనుక ఇద్దరు పట్టుకొని చట్రంలోకి దించాలి. పట్టుకొనేటప్పుడు మూత కీలును పట్టుకోరాదు, క్రింద నుంచి పట్టాలి. కదిలించేటప్పుడు వెనుక నుంచి నెట్టడం కన్న తనవైపు లాగడం మేలు. నెట్టినప్పుడు ముందు చక్రం ఏ రాతికో తగిలి ఆగితే పైబరువు ముందుకు తూలుతుంది. నిప్పు ఉండగా అసలు కదపనే కదపరు. చివరగా ఒక మాట అన్నాడు. చెక్కబల్ల మీద ఆ పొయ్యిని నేరుగా పెట్టరాదట. పింగాణీ పైకి వేడి తెలియనీయదు, కాని గంటల తరబడి క్రింది చెక్కను ఎండబెట్టి ఎండబెట్టి ఒకనాటికి అంటిస్తుంది. నడుమ ఇటుకో, రాతిపలకో, గాలి ఆడే సందో ఉండాలి.

ఆ మాట మాకు బాగా పట్టింది. మన ఊళ్ళో తోపుడు బళ్ళన్నీ చెక్కవే కదా.

అప్పటికి పనిలో దిగాము. మా సంఘంలో వెల్డింగు పని చేసే సహోదరుడు ఒకాయన ఉన్నారు. నాతవరం వైపు నుంచి వచ్చి కూతురి ఇంట ఉంటున్న వృద్ధుడు ఒకాయన, వయసులో ఉన్నప్పుడు ఎడ్లబళ్ళు చేసిన వడ్రంగి. ఈ ఇద్దరినీ మందిరం వెనుక వేపచెట్టు క్రింద కూర్చోబెట్టి పని అప్పగించడం వరకే మా వంతు. తరువాత రెండు శనివారాలు వాళ్ళ వాదన వింటూ టీలు అందించాము.

వాదన అంతా చక్రాలను గురించే. తాతగారు మూడు చాలన్నారు. "పొయ్యికి మూడు రాళ్ళే ఎందుకండీ? మూడైతే ఏ నేల మీదైనా కదలదు. నాలుగైతే ఒకటి ఎప్పుడూ గాలిలోనే" అని. ఆ మాట నిజమే, మూడు కాళ్ళ పీట గతుకు నేల మీద కూడా ఊగదు. వెల్డింగు సహోదరుడు ఒప్పుకోలేదు. మూడు చక్రాల ఆటోలు మలుపులో ఎలా పక్కకు ఒరుగుతాయో, పైన నిప్పున్న బండి అలా ఒరిగితే ఏమవుతుందో చూపించారు. మేము ఆయన పక్షమే అయ్యాము. నిప్పున్న చోట ఊగినా ఫరవాలేదు గాని ఒరగకూడదు. ఊగకుండా చక్రాల క్రింద చెక్కముక్కలు పెట్టుకోవచ్చు.

ఇక చక్రం ఎంత పెద్దది? అట్లాంటా బండికి అరచేతిలో పట్టే చక్రాలు. అక్కడి పెరళ్ళు సిమెంటు చేసి ఉంటాయి, చెల్లుతుంది. చింతపల్లి రోడ్డు గట్టున అవి నాలుగడుగులు కూడా పోవు. చిన్న చక్రానికి కోడిగ్రుడ్డంత రాయి కూడా గోడ అవుతుంది, పెద్దచక్రం దాని మీదికి ఎక్కి దిగిపోతుంది. ఈ సందర్భంలో తాతగారు మమ్మును ఒక ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, బైబిలులో బండి కొలతలు ఎక్కడైనా ఉన్నాయాండీ?" ఉన్నాయి. మొదటి రాజుల గ్రంథము 7వ అధ్యాయము తీసి చదివాము. సొలొమోను దేవాలయానికి చేసిన పది ఇత్తడి పీఠములు, నీళ్ళ తొట్లు మోయడానికి. ఒక్కొక్కటి నాలుగు మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు, మూడు మూరల ఎత్తు, నాలుగేసి చక్రములు, ఇత్తడి ఇరుసులు, చక్రము ఎత్తు మూరన్నర. ఇరవై ఏళ్ళకు పైగా పరిచర్యలో ఉండి ఆ వచనాలను ఎన్నోమార్లు చదివాము గాని, కొలతలన్నీ గబగబా దాటిపోవడమే అలవాటు. ఆయన కళ్ళు మూసుకొని విని, "మూడుకు ఒకటిన్నర. ఎత్తులో సగం చక్రం. తెలిసినోడే చేశాడు" అన్నారు. చక్రాల పనివాడు ఆ భాగం వింటుంటే చూడాలి. (మాకు పక్కనే ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క పూసి చేసే బొమ్మల బండ్లను కూడా ఆయన చేతిలోకి తీసుకొని మొదట ఇరుసే చూస్తారు.)

చివరకు తేలినది ఇది. వెనుక రెండు పెద్దచక్రాలు, పిల్లల సైకిలుకు ఉండే ఇరవై అంగుళాలవి, పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికాయి. పంక్చరు బాధ లేకుండా వాటికి గాలి ట్యూబులు తీసి గట్టి రబ్బరు వేయించాము. ముందు రెండు చిన్నవి, ఆసుపత్రి మంచాలకు ఉండేటటువంటివి, ఎటు కావాలంటే అటు తిరిగేవి, కాలితో నొక్కితే ఆగేవి. బండి పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు ముప్ఫై అంగుళాలు. కుంపటి సరిగా వెనుక ఇరుసు మీదికి వచ్చేలా పెట్టించాము. బరువంతా పెద్దచక్రాల మీద పడి ముందు భాగం తేలికగా ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు పిడిని కాస్త క్రిందికి నొక్కితే ముందు చక్రాలు లేచి దాటిపోతాయి. పిడిని మామూలు కన్న అడుగున్నర వెనుకకు పొడిగించాము, లేకపోతే నెట్టే మనిషి పొట్టకు సెగ తగులుతుంది.

కుంపటిని బల్ల మీద పెట్టలేదు. బల్లలో గుండ్రంగా కోసి, ఇనుప కడియం బిగించి, దానిలో ఎనిమిది అంగుళాలు క్రిందికి దిగేలా కూర్చోబెట్టాము. బరువు క్రిందికి పోయినకొద్దీ బండి నిలకడగా ఉంటుంది. కడియం కుంపటికి ఆనించి బిగించరాదు. వేడికి ఇనుమూ మట్టీ ఒకే తీరున సాగవు, బిగించి ఉంటే మట్టి పగలవచ్చు. అందుకని చుట్టూ అర అంగుళం సందు వదిలి మూడు ఇనుప నాలుకల మీద మాత్రం ఆనించారు. మూడు రాళ్ళ మాట అక్కడ నెగ్గింది అని తాతగారు చాలా సంబరపడ్డారు. కడియానికీ చెక్కకూ నడుమ ఇటుకముక్కలు. క్రింద నాలుగు అంగుళాల ఎడంలో ఇసుక పోసిన రేకుపళ్ళెం, జారిన నిప్పురవ్వ దానిలో పడి ఆరిపోవడానికి. పైన నీడకు రేకు వేయించాము. ఈ మధ్య కొందరు నిప్పు బండి మీద ప్లాస్టిక్ పట్టా కట్టుచున్నారు, అది చూసినప్పుడెల్లా మాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఖర్చు విషయం. మునుపు 2020 జూన్‌లో మొదలైన పి.ఎం. స్వనిధి పథకంలో వీధి వ్యాపారులకు మొదటి విడత 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. ఆమె అది తీసుకొని నెలనెలా తీర్చింది గనుక, రెండవ విడత అప్పులో కొంత దీనికి పెట్టింది. ఇనుము సగం ధరకు ఒక సహోదరుడు ఇచ్చారు. కూలి ఎవరూ తీసుకోలేదు. బండి అయ్యాక ఎక్కడ నిలపాలనే మాట కూడా వస్తుంది. వీధి వ్యాపారుల జీవనోపాధికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణంలో వ్యాపారులను లెక్కించి పత్రం ఇవ్వాలి. తోపుడు బండి ఉన్నవారు మున్సిపల్ కార్యాలయంలో అడిగి ఆ పత్రం తీసుకొని దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఇక వాడకం. మేము ఊహించని మేలు ఒకటి జరిగింది. ఆషాఢం గాలి ఎంత విసురుగా వస్తుందో మీకు తెలుసు. కుంపటి నేల మీద ఉన్నప్పుడు గాలి ఎటు తిరిగితే పొగా రవ్వలూ అటే, ఒకసారి ఆమె కళ్ళలోకి, ఒకసారి కొనేవారి బట్టల మీదికి. ఇప్పుడు బండినే తిప్పుకొంటుంది. కుంపటి నోరు గాలికి ఎదురుగా పెడితే విసనకర్ర అవసరం లేకుండానే రాజుకొంటుంది. బాగా రాజుకొన్నాక కాస్త పక్కకు తిప్పి, నోటికి అమర్చిన రేకుతలుపు సగం మూస్తుంది. పొత్తుకు కావలసినది మంట కాదు, నిలకడైన సెగ. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ తలుపు ఎంత తెరవాలో ఆమె చేతికి వారంలో తెలిసిపోయింది.

రెండవది, రాత్రి ఆర్పడం. అట్లాంటా పొయ్యికి పైన మూత, క్రింద తలుపు రెండూ మూస్తే నిప్పు తనంతట ఆరిపోతుందని ఆ యౌవనస్థుడు చెప్పాడు గనుక, మన కుంపటికి కూడా మందపు రేకుతో అంచు దిగే మూత చేయించాము. నిప్పు కూడా ఊపిరి పీల్చేదే. గాలి అందకపోతే అరగంటలో బొగ్గు నల్లబడి ఆగిపోతుంది. బూడిద కాలేదు గనుక మరునాడు అదే బొగ్గు మళ్ళీ వెలుగుతుంది. మూడు రోజులకు వచ్చే సంచి ఇప్పుడు నాలుగవ రోజు సాయంత్రం దాకా వస్తున్నదని ఆమె చెప్పినప్పుడు మా ఇంటివారు నమ్మక ఒక వారం లెక్క వ్రాయించారు. నిజమే. ఆరిన తరువాతనే బండి ఇంటికి కదులుతుంది, ఆ నియమం ఆమె ఇంతవరకు తప్పలేదు. వాన వస్తే కుంపటిని ఎత్తనక్కరలేదు, నెత్తిన రేకు ఉన్నది. మనుమడు బండికి ముందువైపు, చిన్నచక్రాల దగ్గర, పొత్తుల ఆకులు ఒలిచే చోట మాత్రమే నిలబడాలి. ఆ చోట ఎర్రరంగుతో ఒక గీత గీయించింది. గీత దాటితే ఆ రోజు పొత్తు లేదు.

మీలో కొండదారి ఎక్కేవారికి, అక్కడ బంధువులు ఉన్నవారికి ఒక విషయం గట్టిగా చెప్పాలి. మా ఊరి నుంచి డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కితే లంబసింగి. డిసెంబరు, జనవరి నెలలలో అక్కడి చలి సంగతి మీరు పేపర్లలో చూసేవుంటారు. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. బయట పడుకొంటే తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. ఇప్పుడు ఆ చలి చూడడానికే జనం వస్తున్నారు. గుడారాలు, అద్దె గదులు. చలికి తాళలేక బొగ్గుల కుంపటి లోపల పెట్టుకొని తలుపు, కిటికీ బిగించి పడుకొనేవారు ఉన్నారు. అది ప్రాణాంతకం. కట్టెల మంటకు పొగ వస్తుంది, దగ్గు వస్తుంది, మనిషి బయటికి పరుగెత్తుతాడు. ఎర్రని బొగ్గుకు పొగ ఉండదు, అందుకే మోసం. దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది, రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా అది రక్తాన్ని పట్టుకొంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి. మెలకువగా ఉంటే ఇవి తెలుస్తాయి. నిద్రలో ఉన్నవానికి ఏమీ తెలియదు. ఉత్తర భారతంలో 'అంగీఠీ' లోపల పెట్టుకొని కుటుంబాలకు కుటుంబాలే పడుకొన్నవారు లేవకపోయిన వార్తలు చలికాలంలో వస్తూనే ఉంటాయి. యిర్మీయా 36వ అధ్యాయంలో యెహోయాకీము రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని గ్రంథపు చుట్టను కోసి కాల్చిన సంగతి మనకు తెలుసు. ఆ నగరు పెద్దది, మన గదులు పదడుగులవి. ఎవరికైనా అలా జరిగిందని అనుమానం వస్తే ముందు తలుపులు బార్లా తెరిచి మనిషిని బయటి గాలిలోకి లాగి 108కి ఫోను చేయండి.

గత డిసెంబరులో మా సహోదరి బండిని లంబసింగికి తీసుకుపోతే వ్యాపారం బాగుంటుందని కొందరు చెప్పారు. ఒక వ్యానువాడు బండిని ఎక్కించుకు పోతానని కూడా అన్నాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి, "రాత్రేల ఆ సలికి ఎవరో ఒకరు నా కుంపటి గదిలోకి అడుగుతారండి, నేను లేదనలేను" అని ఊరుకొన్నది.

పొత్తుల కాలం అయిపోతే చిలగడదుంపలు, సంక్రాంతికి ముందు తేగలు. తేగలను కాల్చడం వేరే పని, వాటికి పైన బోర్లించిన కుండ కావాలి, బండి కొలతకు సరిపోయే కుండ కోసం ఇప్పుడు వెదుకుచున్నది. ఈ లోపల పెదబొడ్డేపల్లి నుంచి మరో సహోదరి వచ్చి తనకూ బండి కావాలన్నది. చేపలు కాల్చి అమ్ముతుందట. చేపలకు నూనె కారుతుంది, ఇసుకపళ్ళెం ఇంకా లోతుగా ఉండాలి అని వెల్డింగు సహోదరుడు, కాదు, పళ్ళెం రెండుగా ఉండాలి అని తాతగారు. వచ్చే శనివారం వేపచెట్టు క్రింద మళ్ళీ కూర్చుంటారు. మనుమడు పాత బండిని టేపుతో కొలిచి కొలతలన్నీ తన లెక్కల పుస్తకం చివరి పేజీలో వ్రాసి సిద్ధంగా ఉంచాడు.